పడవ మునిగినా తాళం ఊడలేదు

ఆయన నీళ్ళనే కాదు, మనుషులను కూడా బారల్లోనే కొలిచేవాడు. రెండు చేతులూ చాపితే ఒక బార. ప్రాజెక్టులో తూము దగ్గర ఆరు బారలు, రేవు దగ్గర ఒకటిన్నర, పాత వాగు పారిన చోట ఎంతో ఆయనకే తెలియదు. ఎల్లారెడ్డిలో మా ఆఫీసుకు ఎవరు బదిలీ మీద వచ్చినా సరే, వెళ్ళి దండం పెట్టి, నాలుగు మాటలు మాట్లాడి, బయటికొచ్చి వరండాలో లోతు చెప్పేసేవాడు. ఒక సారు మోకాలు. ఇంకో సారు నడుము దాకా ఉంటాడు గానీ అడుగున అంతా బురదే. మా పెద్దసారు కామారెడ్డిలో కూర్చునే మనిషి, నెలకోసారి జీపులో వచ్చేవాడు. ఆయనను చూసి వచ్చిన ముసలాయన వరండాలో తువ్వాల పిండుకుంటూ కూర్చున్నాడు. నేనే ఆగలేక అడిగితే, "పాదం తడుస్తది, గంతే" అన్నాడు. నా లోతు ఎంతని కూడా ఎన్నోసార్లు అడిగాను. దిగకుండా ఎట్లా చెప్తాం సారూ అని తప్పించుకునేవాడు.

ఆయన పోయి పదకొండు రోజులైందట. మొన్న ఎల్లారెడ్డి నుంచి ఏదో రిజిస్టరు కోసం, నేనిప్పుడు పనిచేసే కామారెడ్డి ఆఫీసుకు వచ్చిన అటెండరు, టీ తాగుతూ ఆ సంగతి చెప్పి, రిజిస్టరు ఏ బీరువాలో ఉందని అడిగాడు. వచ్చిన పని రిజిస్టరు. చావు కబురు దారిలో గుర్తొచ్చింది కాబట్టి చెప్పాడు. నేను బీరువా చూపించి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రం దాకా నా బల్ల మీద ఒక్క కాగితం కదల్లేదు. మా ఆఫీసులో కాగితం కదలకపోవడం వింతేమీ కాదు గనక ఎవరూ ఏమైందని అడగలేదు.

సన్నటి మనిషి. తల మీద తువ్వాల ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. ఎడమ చెవి మీద ఒక బీడీ ఉండేది గానీ దాన్ని ముట్టించగా నేను చూడలేదు. కోడలు బీడీలు చుట్టేది కాబట్టి ఇంట్లో బీడీలకు కరువు లేదు. ఎవరైనా బీడీ ఇవ్వబోతే, నా దగ్గర ఉందని చెప్పడానికి అదొకటి పెట్టుకున్నానని అనేవాడు. ఆఫీసుకు వస్తే చెప్పులు గేటు అవతలే విడిచేవాడు. నిజానికి మా ఆఫీసు నేల కంటే ఆయన చెప్పులే శుభ్రంగా ఉండేవి. సంతకం చేయడం వచ్చు, అయినా వేలిముద్రే వేసేవాడు. ఎందుకు బాపూ అని అడిగితే, సంతకం పెడితే చదువొచ్చినోడని ఇంకో నాలుగు కాగితాలు ముందర పెడతారని జవాబిచ్చాడు. పదేళ్ళ నౌకరిలో నేను తెలుసుకోలేని కిటుకు అది.

ఇంతకూ ఆయన మా ఆఫీసు మనిషి ఎట్లా అయ్యాడంటే, పడవ వల్ల. ప్రాజెక్టు చూడటానికి వచ్చే జనాన్ని నీళ్ళ మీద తిప్పడానికి మా ఆఫీసుకు ఒక పడవ వచ్చింది. పన్నెండు సీట్లు, ఇంజను, ముందు భాగంలో బాతు మొహం. రిబ్బను కత్తిరించిన రోజున పెద్దసారు దాంట్లో ఎక్కి ఫొటో దిగి, ఇంజను మొదలుపెట్టేలోపే దిగిపోయాడు. ఆ పడవకు కాపలాగా చేపలు పట్టే సంఘంలో పెద్దవాడైన ఈయనను నెల జీతానికి పెట్టారు. పడవ తన స్వాధీనంలో ఉందని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నది నేనే. అప్పటికి నాన్న చనిపోయి, ఆయన నౌకరి నాకు వచ్చి ఏడాది కూడా కాలేదు. ప్రొబేషనులో ఉన్నాను.

పడవను సాయంత్రం ఒడ్డు మీదికి లాగి పెడతానని ముసలాయన అన్నాడు. చేపల తెప్పలన్నీ అట్లాగే పెడతారు మరి. పెద్దసారు ఒప్పుకోలేదు. సర్కారు ఆస్తిని ఒడ్డున ఊరికే వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడని, రేవు చివర సిమెంటులో పాతిన ఇనుప స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేయమన్నాడు. తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంటే కాపలాదారే ఎత్తుకుపోవచ్చు కదా అని, అది ఆఫీసులో ఉండాలన్నాడు. ఆఫీసులో అంటే నా సొరుగులో. పన్నెండు సీట్ల పడవను, బాతు మొహంతో సహా, ఎవడు ఏ సంచీలో పెట్టుకుని పోతాడని నేనూ అడగలేదు. అప్పటి నుంచి జనం వచ్చిన రోజున ముసలాయన ఇరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి తాళంచెవి తీసుకుపోయి, సాయంత్రం మళ్ళీ తెచ్చి ఇచ్చేవాడు. బస్సు చార్జీ ఆయనదే.

ఆ రోజు వైశాఖం ఎండ. నేను కామారెడ్డిలో ఒక పెళ్ళిలో ఉన్నాను. సెలవు పెట్టలేదు, హాజరు పట్టీలో పొద్దున్నే సంతకం గీకి వచ్చాను. విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఫోను మోగింది.

"సారు, పడమర దిక్కు నల్లగైంది. పెద్దగాలి వస్తది. తాళంచెవి పట్టుకొని జల్ది రా" అన్నాడు ముసలాయన.

తాళంచెవి ఎల్లారెడ్డిలో నా సొరుగులో ఉంది. సొరుగుకు తాళం ఉంది. ఆ సొరుగు తాళంచెవి నా జేబులో ఉంది. నా జేబు కామారెడ్డిలో ఉంది. ఇవన్నీ చెప్తే నేను ఎక్కడున్నానో తెలిసిపోతుంది కాబట్టి, కొంచెం పని మీద ఉన్నాను, రేపు పొద్దున వస్తానన్నాను. తాళం పలగ్గొట్టనా అని అడిగాడు.

"వద్దు వద్దు, అది సర్కారు తాళం బాపూ" అన్నాను.

ఆయన ఫోను పెట్టేశాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చింది గాలివాన. సంఘం వాళ్ళ తెప్పలన్నీ అప్పటికే ఒడ్డెక్కి వేపచెట్ల కింద పడుకున్నాయి. సర్కారు పడవ ఒక్కటే గొలుసు చివర ఎగిరెగిరి పడింది. సిమెంటులో ఇసుక పాలు ఎక్కువ ఉందో ఏమో, స్తంభం పెళ్ళగిలి వచ్చింది. గాలి పడవను స్తంభంతో సహా లోపలికి ఈడ్చుకుపోయి, నాలుగు బారల లోతులో ముంచింది. అన్నీ ఊడాయి, తాళం మాత్రం ఊడలేదు.

పడవ మునిగిందని తేల్చడానికే మా వాళ్ళకు నెల పట్టింది. ఒడ్డు మీద నిలబడితే నీళ్ళే కనిపిస్తాయి. నీళ్ళ కింద పడవ ఉందనడానికి రుజువేంది అని పెద్దసారు అడిగాడు. మా వాళ్ళు పరిశీలనకు వచ్చిన ప్రతిసారీ ముసలాయన దూకి, అడుగుకు పోయి, ఎర్రగుడ్డ కట్టిన వెదురుబొంగును పడవలో గుచ్చి పైకి వచ్చేవాడు. ఆ బొంగును ఫొటో తీసుకునేవారు. తర్వాత ఆయన ఇంట్లోనే కొర్రమట్ట చేపల పులుసుతో భోజనం. పులుసు బాగుందనే కారణంతోనే కనీసం రెండు పరిశీలనలు పెరిగాయని నా అనుమానం. ఏడోసారి దూకి వచ్చి ముసలాయన ఒడ్డున కూలబడి చాలాసేపు దగ్గాడు. అరవై దాటిన మనిషి. పెద్దసారు మాత్రం వెలుతురు సరిగ్గా లేదని ఫొటో మళ్ళీ తీయించాడు.

ఇటు ఈ దూకుళ్ళు జరుగుతుండగానే అటు నోటీసు తయారైంది. పడవ నీ స్వాధీనంలో ఉండగా మునిగింది గనక, దాన్ని గడువులోగా ఒడ్డుకు చేర్చకపోతే ఖరీదు మొత్తం నీ జీతం నుంచి పట్టుకుంటామని దాని సారాంశం. టైపు చేసింది నేనే. ఆయన జీతమంతా పట్టుకున్నా ఆ ఖరీదు తీరాలంటే ఇంకో ఇరవై ఏళ్ళు కాపలా కాయాలి. నోటీసు చదివి వినిపిస్తే ఆయన మెల్లగా తల ఊపి, అయితే లేపుదాం సారూ అన్నాడు.

లెక్క ఆయన నోటితో చెప్పాడు, నేను రాసుకున్నాను. పన్నెండు ఖాళీ డ్రమ్ములు కిరాయికి. వంద బారల తాడు. పంక్చరు దుకాణంలో టైర్లకు గాలి కొట్టే మిషను ఒక రోజుకు. ఆరుగురు మనుషులు, రెండు రోజులు. కల్లు. గంగమ్మకు ఒక మేకపోతు. మొత్తం ఇరవై రెండు వేలు. డ్రమ్ముల్లో నీళ్ళు నింపి ముంచి, కింద పడవకు కట్టి, గొట్టంతో గాలి కొడితే నీళ్ళు బయటికి పోయి డ్రమ్ములు తేలతాయి, తమతో పాటు పడవను తెస్తాయి. ఆయన తండ్రి కూడా కుండలతో ఇట్లాగే తెప్పలు లేపేవాడట. ఇయ్యాల పన్నెండు డ్రమ్ములు చాలు, నెల ఆగితే ఒండ్రు పట్టుకుంటది, పదహారు కావాలి అని కూడా చెప్పాడు.

ఆ లెక్క మేక దగ్గర ఆగిపోయింది. కల్లును నేనే తెలివిగా కూలీల దాహం ఖర్చు కింద రాశాను, అది దాటింది. మేకను మాత్రం ఏ పద్దు కింద వేయాలో ఎవరికీ తోచలేదు. పెద్దసారు బాగా ఆలోచించి, లాగుడు సామగ్రి, ఒకటి, అని రాయమన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన సర్వీసులో చేసిన ఒకే ఒక మంచి ఆలోచన అది. ముసలాయన ఒప్పుకోలేదు. చెప్పులు లేని కాళ్ళతో మా బల్ల ముందు నిలబడి, చెవి మీది బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కోపమొస్తే అట్లా పట్టుకునేవాడు.

"మేకను సామాన్ల రాస్తే గంగమ్మకు సామాను పెట్టినట్టయితది సారు. మునిగినదాన్ని ఆమెను అడగకుంట ముడితే, బదులుకు ఇంకొకన్ని పట్టుకుంటది. దిగేటోళ్ళు నా మనుషులు. మేకను మేకనే అని రాయుండ్రి."

మేకను మేక అని రాస్తే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారని పెద్దసారు. సామాను అని రాస్తే గంగమ్మ పట్టుకుంటుందని ఈయన. మా పెద్దసారుకు ఇద్దరిలో ఆడిటే ఎక్కువ భయం. ముసలాయన లెక్క పక్కన పెట్టి, రూలు ప్రకారం ధరలు పిలిచారు. కామారెడ్డిలో ఒక క్రేను ఆయన, ఒక బోర్లు వేసే ఆయన, హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఆయన ధరలు పంపారు. బోరు ఆయన నీళ్ళ కోసం నేలను తవ్విన మనిషే తప్ప నీళ్ళలో దేనికోసమూ దిగిన మనిషి కాదు, అయినా మూడు కాగితాలు ఉండాలి గనక ఇచ్చాడు. అన్నింటికంటే తక్కువ ధర కూడా పడవ ఖరీదు కంటే ఎక్కువే. దాన్నే ఖాయం చేశారు. అందులో మేక లేదు.

ఈలోగా గడువు దగ్గరపడింది. గడువు కాగితానిది కాదు, ముసలాయనది. వానలు పడి వరద వస్తే ఒండ్రు కప్పేస్తుందని, ఇక పడవ దొరకదని ఆయనకు తెలుసు. ఒక మంగళవారం ఇంట్లో మేకపోతునే కోసి, సంఘంలో ఆరుగురిని కూలి లేకుండా బతిమాలి, పదహారు డ్రమ్ములు అరువు తెచ్చి నీళ్ళలోకి దిగాడు. బుధవారం సాయంత్రం ఫోను చేసి, పడవ ఒడ్డు మీదున్నది సారు అన్నాడు. బాతు మొహం నిండా బురద, ఇంజను పాడైంది, మిగతాదంతా బాగానే ఉంది.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. మంగళవారం నాడే కంపెనీకి పని అప్పగిస్తూ పెద్దసారు సంతకం చేసి ఉన్నాడు. లేపమని చెప్పిన పడవ ఇప్పుడు ఒడ్డున ఎండుతోంది. ఆయన జీపు దిగి, పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. అంత ప్రేమ నేను ఆయనలో అంతకుముందు చూడలేదు.

"ఏమయ్యా, రెండు రోజుల కోసం దీన్ని మళ్ళీ లోపల పెట్టగలవా?" అన్నాడు.

ముసలాయన నవ్వలేదు. పడవను, నీళ్ళను చూసి నిజంగానే లెక్క వేశాడు.

"పెడ్త సారు. ముంచుడు అల్కనే. గని లేపాల్నంటే మళ్ల ఒక మేక కావాలె."

మేక మాట వినగానే పెద్దసారు ఆ ఆలోచన మానుకున్నాడు. కంపెనీ వాళ్ళు వచ్చి, నల్ల రబ్బరు దుస్తులు తొడుక్కుని, మోకాలు లోతు నీళ్ళలో పడవ పక్కన నిలబడి ఫొటోలు దిగారు. డ్రమ్ములు మాత్రం ముసలాయనే అందించాడు, ఫొటోలో బాగుంటుందని. బిల్లు పాసైంది. పడవను కొన్న ఫైలు బెత్తెడు కూడా లేదు, లేపిన ఫైలు జానెడు దాటింది.

ఇంత ఖర్చు అయ్యాక, ఎవరి తప్పు అని తేల్చాలి కదా. ఎల్లారెడ్డి ఆఫీసులో విచారణ పెట్టారు. పెద్దసారు కుర్చీలో, ముసలాయన ఎదురుగా, నేను పక్కన వాంగ్మూలం రాయడానికి. పడవకు తాళం ఉందా, ఉంటే గాలి వస్తుందని తెలిసీ ఎందుకు తీయలేదు, తాళంచెవి ఆ రోజు ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి ఎక్కడున్నాడు. ప్రశ్నలు ఒక్కొక్కటే నా వైపు నడిచొస్తున్నాయి. ప్రొబేషను ఇంకా ఐదు నెలలుంది. హాజరు పట్టీలో ఆనాటి నా సంతకం ఉంది, పెళ్ళి ఫొటోల్లో నా మొహం ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, నాన్న నౌకరి పోతుంది. నా పెన్ను ఆగిపోయింది.

ముసలాయన పైకప్పు వైపు చూశాడు. తర్వాత చెప్పాడు.

"తాళం ఏసుడే మర్శిన సారు. తప్పు నాదే. తాళం, గొలుసు నీళ్ళల్ల పోయినయి."

మరి స్తంభం ఎట్లా ఊడిందని పెద్దసారు అడగలేదు, అడిగితే సిమెంటులో ఇసుక లెక్క కూడా తేల్చాలి. ఆ మాటలు నా చక్కటి దస్తూరితో నేనే రాశాను. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాశాను. ఇంకు ప్యాడు తెచ్చి, ఆయన బొటనవేలు పట్టుకుని నేనే కాగితం మీద ఒత్తించాను. వేలు నీళ్ళలో నాని నాని ముడతలు పడి ఉంది, ముద్ర సరిగ్గా పడలేదు. రెండోసారి ఒత్తించాను. తాళం వేయడం మరిచాడు గనక, ఇంజను ఖర్చు తీరేదాకా సగం జీతం పట్టుకోవాలని తేల్చారు.

బయటికి వచ్చాక గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే ఆపి, ఎందుకట్లా చెప్పావు బాపూ అని అడిగాను. సిగ్గుతో అడిగానని ఇప్పుడు రాసుకోవచ్చు గానీ, నిజానికి అప్పుడు సంతోషమే ఎక్కువ ఉంది.

"నా నౌకరి పోతే నాకు నీళ్ళున్నయి" అన్నాడు. "నీ నౌకరి పోతే నీకేమున్నది సారు? నీకు ఈత గూడ రాకపాయె."

ప్రొబేషను అయిపోగానే పెద్దసారుకు నిజం చెప్తానని ఆయన చేయి పట్టుకుని చెప్పాను. ఆయన సరే అన్నాడు. ప్రొబేషను అయింది. తర్వాత ప్రమోషను దగ్గరికొచ్చింది, అది కానీ అనుకున్నాను. అది అయ్యాక కామారెడ్డికి బదిలీ అయింది, కొత్త చోట కొంచెం కుదురుకోనీ అనుకున్నాను. ఇట్లాంటి లెక్కల్లో మా ఆఫీసు వాళ్ళకు ఎవరూ సాటి రారు.

రెండేళ్ళ తర్వాత ఒకసారి బస్సెక్కి కామారెడ్డి వచ్చాడు, తువ్వాలలో రెండు కొర్రమట్టలు చుట్టుకుని. సగం జీతంతో ఇల్లు గడవడం లేదని, కొడుకు దుబాయి నుంచి డబ్బు పంపడం ఆగిపోయిందని, జర చూడమని అన్నాడు. తాళం సంగతి ఎత్తలేదు. నా చుట్టూ మనుషులున్నారు. నేనేమన్నానో తెలుసా? దరఖాస్తు పెట్టు బాపూ అన్నాను. ఆయన నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, ఒక తెల్లకాగితం అడిగి, దాని కింద వేలిముద్ర వేసి, పైన ఏం రాయాలో నువ్వే రాయి సారూ అని ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ కాగితం నా సొరుగులోనే ఉంది, ఇప్పటికీ తెల్లగానే ఉంది. చేపలు మాత్రం ఆ రోజే వండుకున్నాం.

అటెండరు కబురు చెప్పిన మర్నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కోడలు గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి లేచింది. మొదట అడిగింది ఆ సగం జీతం సంగతే.

"మామ మీది పట్టుకునుడు ఒడిసిందా సార్? ఇంకా ఉంటే మా మీద పడతదా?"

పడదు అన్నాను. పడితే నేను కడతాను అన్నాను. ఆ ఇంటి మనిషితో దరఖాస్తు అడగకుండా నేను చెప్పిన మొదటి మాట అది. ఆమె నమ్మిందో లేదో తెలియదు. లోపలికి పోయి బీడీ ఆకులు కట్టే గుడ్డలో ఏదో మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"మామ చెప్పిండు. గా సారు వస్తే ఇయ్యి, రాకుంటే పాత ఇనుపోనికి ఎయ్యి అన్నడు."

విప్పితే, తాళం. వేసిన తాళం వేసినట్టే ఉంది. కొక్కెంలో రెండు గొలుసు లంకెలు, రెండు వైపులా రంపంతో కోసిన గుర్తులు. పడవ పైకి రాకముందే, ఎవరి కంటా పడకుండా, నాలుగు బారల లోతులో మునకకింత చొప్పున ఊపిరి బిగబట్టి మనిషి దాన్ని కోసి తెచ్చాడు. అది వేసి ఉందని ఎవరైనా చూస్తే, తాళంచెవి ఎక్కడిదని అడుగుతారు గనక.

నా గురించి ఇంకేమైనా అన్నాడా, లోతు ఎంతని ఏమైనా చెప్పాడా అని అడిగాను. ఆమెకు నేనేం అడుగుతున్నానో అర్థం కాలేదు. పదకొండు రోజులూ చూసి, ఇక మీరు రారనుకొని, ఈ పొద్దు పాత ఇనుపోడు వస్తే వేద్దామనే తీసి పెట్టానని చెప్పింది.

తిరిగి ఆఫీసుకు వచ్చి సొరుగు లాగాను. తెల్లకాగితం కింద తాళంచెవి ఉంది. ఎల్లారెడ్డి నుంచి సామాను సర్దుకున్నప్పుడు నాతో పాటే వచ్చేసింది, ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు. తాళానికి తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. లేదు, ఆయన ఎప్పటికప్పుడు నూనె పెట్టినట్టున్నాడు. చెవి పెట్టి ఒక్కసారి తిప్పాను, తెరుచుకుంది.

ఆ రోజు కూడా ఇంతసేపే పట్టేది.